గోనె అన్న పేరుకి స్పెల్లింగు

నెల్లిమర్ల పశువులాసుపత్రిలో
మా ముందు రెండు గేదెలు, ఒక మేక,
మేక తాలూకు ముసలమ్మ.
కాంపౌండరు తవిటయ్య ఇంటిపేరూ గేదెలే.
"ఏటమ్మా జబ్బు?"
జబ్బేం లేదు, జర్మనీ వెళ్తోంది అన్నాను.
మేక కూడా తల తిప్పి చూసింది.

ముందు మెడ దగ్గర చర్మం కింద చిప్పు.
బియ్యపు గింజంత. దాన్లో పదిహేను అంకెలు.
ఆ తర్వాతే పిచ్చికుక్క సూది.
వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుందని
డాక్టరుగారు వేళ్లు మడిచి రెండుసార్లు చెప్పారు.
ముప్పై రోజులాగి నెత్తురు తీయాలి.
ఆ నెత్తురు మాకన్నా ముందే విమానమెక్కి
ఏదో చలిదేశపు ల్యాబులో
సున్నా పాయింటు అయిదు దాటి చూపించాలి.
ఆపైన మూడు నెలలు ఊరికే కూర్చోవాలి.

నేను బీ-టూ పరీక్ష రెండుసార్లు తప్పాను.
నిన్ను నువ్వు పరిచయం చేసుకో అన్నారు,
గొంతు ఎండిపోయింది.
గోనె మొదటిసారే గట్టెక్కింది,
తవిటయ్య చొక్కా గుండీ ఒకటి కొరికేసి.

ఫారం మీద "జాతి" అని ఒక గడి.
డాక్టరుగారి పెన్ను ఆగింది.
"ఎమ్మార్వో కాడికెల్లి రాయించుకొచ్చీ తల్లీ"
అని తవిటయ్య నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
నర్సింగు సీటప్పుడు ఆ కాగితం కోసం
మూడు సోమవారాలు ఆ మెట్ల మీద కూర్చున్నాను.
చివరికి "దేశవాళీ" అని రాశారు.
రంగు దగ్గర ఏం రాశారో చూడలేదు.
తడిసి ఆరిన గోనెసంచి రంగు అది.
మూతపడ్డ జనపనార మిల్లు గేటు పక్కన
అలాంటి సంచిలోనే దొరికింది,
మూతి బిగించి కట్టేసిన సంచిలో,
కళ్లింకా తెరవకుండా.

పేరు ఇంగ్లీషులో రాయమన్నారు.
జీ, ఓ, ఎన్, ఈ.
డాక్టరుగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని,
"గాన్ అని ఉందమ్మా.
పోయింది, అని.
పెట్టె మీద ఈ మాట అంటిస్తే
అక్కడ దించేవాళ్లు ఏమనుకుంటారు?"

ఇన్నేళ్లూ నోటితో పిలవడమే గాని
ఎప్పుడూ రాసి చూసుకోలేదు.
చివర తోకలాగా ఒక వై తగిలించాను.

గది ఓనరు ఎర్నమ్మ గడపలో కూలబడి
"మనుసులకే దిక్కునేదు, కుక్కకి ఇమానవా!
ఒగ్గీ. నానింత గంజి పోస్తాను కదా" అంది.
పోస్తుంది. నాకు తెలుసు.
ఆవిడకి చెప్పనిది ఒకటుంది.
రెండో డ్యూటీ దిగి ఆఖరి ఆటోలో వస్తే
మిల్లు గేటు దగ్గర దీపాలుండవు.
ఆ చీకట్లోంచి గోనె లేచి, ఒళ్లు దులుపుకుని,
నా ఎడమపక్కన నడుస్తుంది, గది దాకా.
సంచి మూతి నేను విప్పింది ఒక్కసారి.
అది నడిచింది ఆరేళ్లు.

విశాఖపట్నం నుంచి పెట్టె వచ్చింది.
లోపల నిలబడాలి, తల తగలకూడదు,
చుట్టూ తిరగగలగాలి. మత్తు ఇవ్వకూడదు.
మెత్తళ్ల కూర కలిపి అన్నం లోపల పెడితే
మొదటిరోజు కంచాన్ని పళ్లతో బయటికి లాగేసింది.
వారానికి ముందుకాళ్లు పెట్టింది.
ఇరవయ్యో రోజుకి తోక కూడా.

ఇవాళ మొదటిసారి గడియ వేశాను.
ఒక్క అరుపు. తర్వాత ఆ గీరుడు.
సంచి దానికి గుర్తుందేమో,
ఎవరు చెప్తారు?
నేల మీద పడుకుని
జాలీలోంచి రెండు వేళ్లు లోపలికి పెట్టాను.
ఏం మాట్లాడాలో తోచక పరీక్షపాఠం అందుకున్నాను.
ఇష్ హైసె భాగ్యరేఖ.
ఇష్ కొమ్మె ఔస్ నెల్లిమర్ల.
తప్పులు దిద్దేవాళ్లు లేరు.
మా ఊరి ఏరు గురించి, జూటు వాసన గురించి,
వాటికి జర్మను మాట తెలియని చోట తెలుగులోనే
చెప్పుకుంటూ పోయాను.
ఎప్పుడాగిందో గీరుడు ఆగింది.
వేళ్ల మీద తడి ముక్కు.
చెయ్యి తిమ్మిరెక్కింది. తీయలేదు.